పెంపకంలో లేని వాటా కస్టడీలో ఎక్కడిది?

కొన్నాళ్ల క్రితం నగరంలో జరిగిన ఒక చర్చావేదికకి నన్ను పిలిచారు. విషయం "విడాకుల తర్వాత ఉమ్మడి పెంపకం". వేదిక మీద ఒక లాయరు, ఒక సైకాలజిస్టు, తండ్రుల హక్కుల కోసం పనిచేస్తున్నానని చెప్పుకున్న ఒక పెద్దమనిషి, నేను. ఆ పెద్దమనిషి చాలా సౌమ్యంగా, చక్కటి తెలుగులో మాట్లాడారు. "ఫెమినిస్టులు ఎప్పుడూ సమానత్వం అడుగుతారు కదా. మేమూ అదే అడుగుతున్నాం. బిడ్డ మీద తల్లికెంత హక్కో తండ్రికీ అంతే. వారంలో మూడున్నర రోజులు మీకు, మూడున్నర రోజులు మాకు. ఇందులో అభ్యంతరం ఏముంది?" అన్నారు. హాలంతా చప్పట్లు. నా పక్కనున్న లాయరు కూడా కొట్టింది.

నా వంతు వచ్చినప్పుడు ఆయన్ని ఒక్కటే అడిగాను. "మీ అబ్బాయి క్లాస్ టీచర్ పేరేమిటండీ?" ఆయన తడబడ్డారు. ఈసారి చప్పట్లు నాకు వచ్చాయి. ఇంటికొచ్చాక మాత్రం సిగ్గనిపించింది. చప్పట్ల కోసం అడిగిన ప్రశ్న అది. ఆయన ప్రశ్నకి నేను జవాబు చెప్పనేలేదు. అది మనల్ని మళ్లీ మళ్లీ అడగబోయే ప్రశ్న కాబట్టి, ఆ రోజు చెప్పాల్సిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

ముందుగా ఒక అబద్ధాన్ని పక్కకి తోసెయ్యాలి. మన చట్టాలన్నీ తల్లి పక్షాన ఉన్నాయనీ, పాపం తండ్రులు అన్యాయమైపోతున్నారనీ ప్రచారం జోరుగా సాగుతోంది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం తీసి ఆరో సెక్షన్ చదవండి. మైనరు బిడ్డకి సహజ సంరక్షకులు ఎవరు? తండ్రి, అతని తర్వాత తల్లి. పెళ్లి లేకుండా పుట్టిన బిడ్డ విషయంలో వరస తిరగబడుతుంది: ముందు తల్లి, ఆమె తర్వాత తండ్రి. అంటే వంశం పేరు ఉన్నచోట తండ్రి ముందు, పరువు పోయేచోట తల్లి ముందు! పెళ్లయిన మైనరు బాలికకైతే సంరక్షకుడు భర్త. బాల్యవివాహం నేరమని చెప్పే దేశంలోనే ఈ వాక్యం కూడా చట్టంలో కాలుమీద కాలేసుకుని కూర్చుని ఉంది. ఇక సహజ సంరక్షకుడిగా ఉండటానికి ఆ సెక్షన్ చెప్పిన అనర్హతలు రెండే. ఒకటి హిందూమతం వదిలెయ్యడం, రెండోది లోకాన్ని పూర్తిగా విడిచి సన్యాసం పుచ్చుకోవడం. తాగుడూ, తన్నడమూ ఆ జాబితాలో లేవు.

ఐదేళ్లు నిండని బిడ్డ "సాధారణంగా" తల్లి దగ్గర ఉండాలని అదే సెక్షన్ అంటుంది. తల్లికి చట్టం ఇచ్చిందని అందరూ చెప్పుకునే వరం ఇదే. కానీ బిడ్డ దగ్గర ఉండటం వేరు, సంరక్షకత్వం వేరు. పాలిచ్చి, ముడ్డి కడిగి, జ్వరమొస్తే రాత్రంతా మేలుకుని ఉండే పనికి కస్టడీ అని పేరు. సంతకం పెట్టే అధికారానికి సంరక్షకత్వం అని పేరు. మొదటిది తల్లికి, రెండోది తండ్రికి. ముస్లిం పర్సనల్ లా చూసినా ఇదే కథ. హనఫీ సంప్రదాయంలో కొడుకు ఏడేళ్లు నిండేదాకా, కూతురు ఈడేరేదాకా తల్లి దగ్గర ఉంటారు, కానీ వలీ తండ్రే. మతాలు ఎన్ని విషయాల్లో కొట్టుకున్నా ఈ ఒక్క విషయంలో ఎంత చక్కగా కలిసిపోతాయో!

ఈ "అతని తర్వాత" అన్న మాట మీద రచయిత్రి గీతా హరిహరన్ సుప్రీం కోర్టుదాకా వెళ్లింది. 1984లో కొడుకు పేర రిజర్వు బ్యాంకు బాండ్లు కొనబోతే తల్లి సంతకం చెల్లదు, తండ్రి సంతకం తెమ్మన్నారు. భర్త పక్కనే ఉన్నాడు, ఆయనకి అభ్యంతరం లేదు, అయినా సరే. 1999 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. "తర్వాత" అంటే తండ్రి చనిపోయిన తర్వాత అని కాదు, తండ్రి "లేనప్పుడు" అని చదువుకోవాలంది కోర్టు. తండ్రి దూరంగా ఉన్నా, బిడ్డని బొత్తిగా పట్టించుకోకపోయినా, జబ్బుపడి చూసుకోలేకపోయినా, ఇద్దరూ అనుకుని తల్లికి అప్పగించినా తల్లి సంరక్షకురాలు కావచ్చు. మనమంతా దీన్ని విజయమని చెప్పుకున్నాం. కొంతవరకు విజయమే. కానీ జాగ్రత్తగా చూడండి. తల్లికి ఆ హోదా ఇప్పటికీ తన సొంతానికి రాలేదు, తండ్రి గైర్హాజరు నుంచి వచ్చింది. అతను ఉన్నంతసేపూ ఆమె లేనట్టే. కోర్టు సెక్షన్ని కొట్టెయ్యలేదు, అర్థం మార్చి నిలబెట్టింది. ఆ అక్షరాలు ఇవాళ్టికీ పుస్తకంలో అలాగే ఉన్నాయి.

ఈ తేడా నాకు పుస్తకాల్లో కంటే కౌంటర్ దగ్గర బాగా అర్థమయింది. 2011లో, విడాకులయిన రెండేళ్లకి, మా అమ్మాయి పేర ఖాతా తెరవడానికి ఒక బ్యాంకుకి వెళ్లాను. కౌంటర్లో అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. "మేడమ్, సార్ సంతకం కావాలండీ." సార్ లేరని చెప్పాను. "అయ్యో, ఎప్పుడు పోయారండీ?" అన్నాడు. పోలేదు, విడాకులు తీసుకున్నామన్నాను. "అయితే ఉన్నారు కదండీ!" సోషియాలజీలో డాక్టరేటు ఉన్న నేను, గీతా హరిహరన్ తీర్పుని క్లాసులో పాఠం చెప్పే నేను, ఎనిమిదేళ్ల పిల్ల చెయ్యి పట్టుకుని అక్కడ నిలబడి ఏం చెయ్యాలో తోచక తిరిగొచ్చేశాను. మరో శాఖలో పనయిపోయింది, అది వేరే సంగతి. "అయితే ఉన్నారు కదండీ" అన్న మాటలో ఆరో సెక్షన్ మొత్తం ఉంది.

తండ్రి నిజంగానే చనిపోతే తల్లికి స్థిమితం దొరుకుతుందా? ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో 2022 జూలైలో సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చింది. బిడ్డకి నెలలు నిండకముందే అన్నట్టు, రెండున్నర నెలలప్పుడు భర్త పోయాడు. ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంది. తాతా నానమ్మా కోర్టుకెక్కారు. బిడ్డకి మొదటి తండ్రి ఇంటిపేరే ఉండాలనీ, కాగితాల్లో రెండో భర్తని "సవతి తండ్రి" అని చూపించాలనీ హైకోర్టు చెప్పింది. అలా రాయించడం క్రూరమనీ, పిల్లవాడి మనసు మీద, ఆత్మగౌరవం మీద దెబ్బకొడుతుందనీ సుప్రీం కోర్టు అంది. ఏకైక సహజ సంరక్షకురాలిగా తల్లికి బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కుందని చెప్పింది. సంతోషమే. కానీ తన బిడ్డ ఇంటిపేరు తను పెట్టుకోవడానికి ఒక తల్లి ఢిల్లీదాకా వెళ్లాల్సి వచ్చిందంటే, చట్టం ఎవరి పక్షాన ఉందో వేరే చెప్పాలా?

ఇదంతా మన ధర్మశాస్త్రాల గొప్పతనం అనుకునేవాళ్లకి ఒక మాట. పాత ఇంగ్లీషు చట్టంలోనూ బిడ్డ మీద సర్వాధికారాలూ తండ్రివే. 1836లో కెరోలిన్ నార్టన్ నుంచి భర్త ముగ్గురు కొడుకుల్నీ లాక్కుంటే ఆమెకి ఏ కోర్టూ దిక్కు కాలేదు. ఆమె కరపత్రాలు రాసి పోరాడిన తర్వాత, 1839లో, ఏడేళ్లలోపు బిడ్డల కస్టడీ కోసం తల్లి అర్జీ పెట్టుకోవచ్చని చట్టం వచ్చింది. పసిబిడ్డ తల్లికి, పెద్దయిన బిడ్డ తండ్రికి అన్న ఏర్పాటు అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. పసితనంలో చాకిరీ ఎక్కువ, పెద్దయ్యాక వారసత్వం ముఖ్యం. ఇంత తేటతెల్లంగా ఉంది లెక్క.

ఇక్కడ మన వైపు తప్పు కూడా ఒప్పుకోవాలి. తండ్రి అధికారాన్ని ఎదుర్కోవడానికి మన లాయర్లు, మన సంఘాలు కూడా ఎప్పటినుంచో ఒకే ఆయుధం వాడుతున్నాం: తల్లి ప్రేమకి సాటి లేదు, తల్లి మనసు తల్లిదే. తాత్కాలికంగా పనిచేస్తుంది కూడా. కానీ తల్లి ప్రేమ పేరుతో బిడ్డని అడిగిన స్త్రీని ఆ ప్రేమతోనే తూచుతారు. కోర్టులో నేను స్వయంగా విన్న క్రాస్ ఎగ్జామినేషన్ ఇది. ఆమె ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. "ఫలానా తారీఖు రాత్రి పదింటికి మిమ్మల్ని ఇంటి దగ్గర దింపిన బండి ఎవరిది?" ఆమె డ్యూటీ దిగింది తొమ్మిదిన్నరకి. "బిడ్డకి అన్నం ఎవరు పెట్టారు ఆ రాత్రి?" వాళ్లమ్మ. "అంటే మీరు పెట్టలేదు." అదే తండ్రిని మాత్రం జీతం ఎంతో, ఇంట్లో ఎన్ని గదులో అడిగారు. అతని బిడ్డకి అన్నం ఎవరు పెడతారని ఎవరూ అడగలేదు, అతనికీ ఇంట్లో ఒక అమ్మ ఉంది కాబట్టి. నేను చూసిన కేసుల్లో తండ్రికి కస్టడీ అంటే చాలాసార్లు నానమ్మకి కస్టడీ. కోడలి బిడ్డని పెంచడానికి అరవై ఐదేళ్ల స్త్రీ మళ్లీ మొదలుపెట్టాలి. ఆ ముసలామెని అడిగినవాళ్లు లేరు.

అందుకే తల్లి మనసు అన్న మాటని మనం మానెయ్యాలంటాను. మనం అడగాల్సింది: ఇన్నాళ్లూ ఈ బిడ్డని ఎవరు పెంచారు? అది ఆరాధన కాదు, పని. పనికి సాక్ష్యం ఉంటుంది. స్కూలు డైరీలో సంతకాలుంటాయి, టీకాల కార్డు పట్టుకుని క్యూలో నిలబడ్డ మనిషి ఉంటుంది. ఆ పని తండ్రి చేసి ఉంటే బిడ్డ తండ్రి దగ్గరే ఉండాలి, ఏ సందేహమూ లేదు. అలాంటి తండ్రులు నాకు తెలుసు. మా కాలేజీలోనే ఒక సహోద్యోగి ఉన్నాడు. భార్యాభర్తలు విడిపోయి ఎదురెదురు వీధుల్లో ఇళ్లు తీసుకున్నారు. కొడుకు రెండిళ్లలోనూ పెరిగాడు, కోర్టు గుమ్మం ఎక్కలేదు. అతను పెళ్లిలో ఉన్నప్పుడూ పొద్దున్నే లేచి పిల్లవాడికి క్యారేజీ కట్టేవాడు. విడాకుల తర్వాత కొత్తగా నేర్చుకున్నది ఏమీ లేదు.

మిగతా ఇళ్ల సంగతి? 2024లో జరిగిన ప్రభుత్వ సమయ వినియోగ సర్వే ప్రకారం 15 నుంచి 59 ఏళ్ల స్త్రీలలో 41 శాతం మంది ఇంట్లోవాళ్ల ఆలనాపాలనా చూసే పని చేస్తున్నారు. అదే వయసు పురుషుల్లో 21.4 శాతం. ఆ చేసేవాళ్లలో కూడా స్త్రీలు రోజుకి సుమారు 140 నిమిషాలు, పురుషులు 74 నిమిషాలు. ఇది పెళ్లి నిలబడి ఉన్న ఇళ్లు కూడా కలిపిన లెక్క. మూడున్నర రోజులు అడిగిన పెద్దమనిషికి నేనివ్వాల్సిన జవాబు ఇదీ: ఉమ్మడి పెంపకం పెళ్లిలో మొదలుపెట్టండి. పెళ్లి ఉన్నంతకాలం పిల్లల పని ఆడవాళ్లదని, పెళ్లి పోయిన మర్నాడు బిడ్డ మీద సగం హక్కు నాదంటే, ఆ సగం బిడ్డ మీద కాదు, తల్లి మీద.

ఇది కోపంతో అన్న మాట కాదు. ఫ్యామిలీ కోర్టు వరండాల్లో కొన్నేళ్లపాటు కూర్చుని, వాయిదాకీ వాయిదాకీ మధ్య స్త్రీలతో మాట్లాడటం నా పరిశోధనలో భాగం. కస్టడీ కేసు ఎప్పుడు పడుతుందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఆమె మనోవర్తికి వేసిన కొద్దివారాల్లో అతను కస్టడీకి వేస్తాడు. నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒకామె నాతో అంది: "గాయన ఏనాడన్న పోరన్ని బడికి తోల్కపోయిండా మేడం? పైసల్ గురించి కేసేస్తే ఇప్పుడు కొడుకు యాదికొచ్చిండు." ఆర్నెల్ల తర్వాత మనోవర్తి వదులుకుని ఆమె కొడుకుని దక్కించుకుంది. కాగితం మీద అది "పరస్పర అంగీకారం". సగం సగం కస్టడీ చట్టం నుంచే మొదలవ్వాలంటే ఈ బేరానికి ఇంకో తూకం రాయి చేతికిచ్చినట్టే. బిడ్డ సగం రోజులు నా దగ్గరే ఉంటాడు కాబట్టి మనోవర్తి కూడా సగమే అన్న వాదన వెంటనే వస్తుంది. బిడ్డ ఆదివారం తప్ప అక్కడికి వెళ్లకపోయినా సరే.

లా కమిషన్ 2015లో ఇచ్చిన 257వ నివేదికని తండ్రుల హక్కులవాళ్లు జెండాలా ఊపుతారు, ఉమ్మడి కస్టడీ గురించి చెప్పింది కాబట్టి. చెప్పింది నిజమే. బిడ్డ సంక్షేమానికి మంచిదనిపిస్తే కోర్టు అలా ఇవ్వచ్చు అంది. అదే నివేదిక తల్లినీ తండ్రినీ ఒకేసారి, సమానంగా సహజ సంరక్షకులు చెయ్యాలంది. పిల్లల ఖర్చుల గురించి కూడా చట్టంలో చేర్చాలంది. 2022 ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘం 118వ నివేదికలో ఆరో సెక్షన్ మార్చాలని మళ్లీ చెప్పింది. అంతకుముందు 1989లోనే 133వ నివేదిక ఈ వివక్ష తొలగించమంది. మూడున్నర దశాబ్దాలుగా ఒకే మాట చెబుతున్నారు. సమానత్వం కోరేవాళ్లు ఆ భాగం కోసం ఒక్క ఊరేగింపు తీశారా? సమానంగా పంచుకోవాల్సింది బిడ్డ రోజుల్ని మాత్రమేనా, సంతకాన్ని కాదా?

ఉమ్మడి పెంపకాన్ని చట్టంగా చేసి చూసిన దేశం ఒకటుంది. ఆస్ట్రేలియా 2006లో తల్లిదండ్రులిద్దరికీ సమాన బాధ్యత ఉండటమే బిడ్డకి మేలని కోర్టు అనుకుని మొదలుపెట్టాలని చట్టం చేసింది. హింస ఉన్న కేసులకి మినహాయింపు రాశారు. కానీ సగం సగం సమయం తండ్రి హక్కే అన్న నమ్మకం జనంలో పాతుకుపోయింది. కొట్టే భర్త నుంచి బయటపడ్డ స్త్రీలు ఎక్కడ కోర్టు తమని "సహకరించని తల్లి" అనుకుంటుందోనని హింస గురించి నోరు విప్పడానికి జంకారు. 2011లో హింసకి సంబంధించిన భాగాన్ని సవరించారు. చివరికి 2023లో చట్టం మార్చి, 2024 మే 6 నుంచి ఆ నియమాన్నే తీసేశారు. అక్కడ పదిహేడేళ్లు నడిపి వదిలేసినదాన్ని మనం కొత్త వెలుగులా తెచ్చుకోవాలా?

మన దగ్గర హింస సంగతి అందరికీ తెలిసిందే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో భర్త చేతిలో హింస అనుభవించామని చెప్పిన వివాహిత స్త్రీలు దేశం మొత్తం మీద 29.3 శాతం, తెలంగాణలో అంతకంటే ఎక్కువ, మూడోవంతు పైమాటే. వేరుపడ్డాక ఆ హింస ఆగిపోదు. దానికి కొత్త గుమ్మం దొరుకుతుంది, బిడ్డని అప్పగించే గేటు. గుంటూరు జిల్లా అమ్మాయి ఒకతె చెప్పింది: "ఆదివారం పొద్దున్న తీసుకెళ్తాడండీ, సాయంత్రం ఏడింటికి దింపుతాడు. దింపేటప్పుడు గేటు దగ్గర నిలబడి వీధంతా వినబడేలా తిడతాడు. పాప నా చీరలో మొహం దాచుకుంటుంది." 2005 నాటి గృహహింస చట్టంలో 21వ సెక్షన్ ఉంది. తాత్కాలిక కస్టడీ తల్లికి ఇవ్వచ్చు, తండ్రి వచ్చి చూడటం బిడ్డకి హాని అనుకుంటే మేజిస్ట్రేటు దాన్ని నిరాకరించనూ వచ్చు. ఆ అమ్మాయి లాయరు దాని ఊసే ఎత్తలేదు. "అలా అడిగితే జడ్జిగారికి మన మీద చెడు అభిప్రాయం వస్తుందమ్మా" అన్నాడట. అంటే ఆస్ట్రేలియా స్త్రీల భయం చట్టం రాకముందే ఇక్కడికి వచ్చేసింది.

సముద్రాలు దాటిన మన అమ్మాయిల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ ఉత్తరాలు ఈ మధ్య ఎక్కువగా వస్తున్నాయి. భర్త వీసా మీద ఆధారపడి అమెరికా వెళ్లిన స్త్రీకి చాలా సందర్భాల్లో ఉద్యోగం చేసే అనుమతి ఉండదు. కాపురం చెడితే అక్కడ ఉండే హక్కే అతనితో ముడిపడి ఉంటుంది. పుట్టిన బిడ్డ మాత్రం అక్కడి పౌరుడు. బిడ్డని వదిలి రాలేదు, తీసుకొస్తే ఎత్తుకొచ్చిందంటారు. పిల్లల అపహరణ మీద 1980లో చేసిన హేగ్ ఒప్పందంలో చేరమని మన దేశం మీద ఒత్తిడి ఉంది, ఇంకా చేరలేదు. విదేశీ కోర్టు ఉత్తర్వు ఉన్నంతమాత్రాన బిడ్డని తిరిగి పంపెయ్యనక్కర్లేదు, సంక్షేమమే ముఖ్యమని 2017లో సుప్రీం కోర్టు అంది. కానీ ఒక్కో కేసు ఒక్కో తీరున పోతోంది. ఇరవై ఎనిమిదేళ్ల అమ్మాయి ఒకచేత్తో సూట్‌కేసు, ఒకచేత్తో పిల్లని పట్టుకుని శంషాబాద్‌లో దిగితే, ఆమెని తల్లి అనాలా నేరస్థురాలు అనాలా అన్నది ఇంకా తేలలేదు.

నేను కోరేది పెద్ద చిట్టా ఏమీ కాదు. ఆరో సెక్షన్‌లోంచి "అతని తర్వాత" పోవాలి. కస్టడీ తేల్చేముందు ఇన్నాళ్లూ పని ఎవరు చేశారో రాతపూర్వకంగా రెండు పక్షాలూ చెప్పాలి. 2020లో రజనీష్ వర్సెస్ నేహా తీర్పులో మనోవర్తి కోసం ఆస్తుల, ఆదాయాల అఫిడవిట్ తప్పనిసరి చేశారు కదా, పెంపకానికి కూడా అలాంటి అఫిడవిట్ ఎందుకుండకూడదు? హింస ఉందన్న ఆరోపణ ముందు తేల్చాలి, బిడ్డ రాకపోకలు తర్వాత. బిడ్డని చూపించడానికి కోర్టు వరండా, పోలీసు స్టేషను మెట్లు కాకుండా, కుర్చీలూ మంచినీళ్లూ ఒక మనిషీ ఉన్న గది కావాలి. ఇవన్నీ ఉన్నాక ఏ ఇద్దరైనా బిడ్డని సగం సగం పెంచుకుంటామంటే నాకు సంతోషమే.

వచ్చే సంచిక కోసం బిడ్డని అప్పగించే రోజు గురించి పాఠకుల అనుభవాలు పోగుచేస్తున్నాం. ఏ రోజు, ఎక్కడ, ఎంతసేపు, పక్కన ఎవరున్నారు, ఇంటికొచ్చాక బిడ్డ ఏమంది, అంతే చాలు. తండ్రులూ రాయొచ్చు. నానమ్మలు రాస్తే మరీ మంచిది. పేర్లు వెయ్యం.